దగ్గితే మూత్రం జారుతోందా? గర్భసంచి జోలికి వెళ్లకముందే ఇది చదవండి

ప్రశ్న: నాకు 46 ఏళ్లు. రాజోలు దగ్గర పల్లెటూరు మాది. రెండూ మామూలు కాన్పులే. మూడేళ్లుగా దగ్గినా, తుమ్మినా, నీళ్ల బిందె ఎత్తినా మూత్రం కొద్దిగా పడిపోతోంది. నడుం నొప్పి కూడా ఉంది. తెలిసినావిడ గర్భసంచి తీయించేసుకోమంటోంది. డాక్టరుగారేమో ఫిజియోథెరపీకి వెళ్లమన్నారు. మోకాళ్లకు కరెంటు పెట్టేవాళ్లు దీనికేం చేస్తారు? బట్టలు తీయమంటారా, మగవాళ్లుంటారా అని భయంగా ఉంది.

జవాబు: ముందు గర్భసంచి సంగతి తేల్చేద్దామమ్మా. మీరు చెప్పిన ఇబ్బందికి అది కారణం కాదు, తీయించేసినా ఇది తగ్గదు, కొందరికి తీయించాకే మొదలవుతుంది కూడా. గర్భసంచి తీయించుకున్న ఆడవాళ్లు ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో మనది ముందు వరసలో ఉందని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలే చెబుతున్నాయి, ఆ లెక్కలోకి మీరూ చేరక్కర్లేదు. గర్భసంచి కిందికి జారి చేతికి తగులుతుంటే అది వేరే విషయం, అప్పుడు గైనకాలజిస్టు చూడాల్సిందే.

మీ డాక్టరుగారు సరిగ్గానే చెప్పారు. మూత్రసంచి, గర్భసంచి, పేగు చివరి భాగం, ఈ మూడింటినీ కింద నుంచి మోసే కండరాలుంటాయి, పెల్విక్ ఫ్లోర్ అంటాం. నులక మంచం అనుకోండి. కాన్పులు, ఏళ్లపాటు మలబద్ధకంతో ముక్కడం, తగ్గని దగ్గు, పెరిగిన బరువు, వీటితో ఆ నులక వదులవుతుంది. మంచం పారేయం కదా, తాడు బిగిస్తాం. 1948లో అమెరికాలో కెగెల్ అనే గైనకాలజిస్టు ఈ వ్యాయామం గురించి రాశారు, ఇవాళ్టికీ దగ్గితే జారే మూత్రానికి మొదటి వైద్యం ఇదే.

ఇక మీ భయం. మొదటి రోజు ఎక్కువగా మాటలే ఉంటాయి: ఎప్పుడు జారుతోంది, రాత్రి ఎన్నిసార్లు లేస్తారు, విరేచనం సాఫీగా అవుతోందా, భార్యాభర్తలు కలిసినప్పుడు నొప్పి ఉందా. చివరిది అడిగితే కోపం తెచ్చుకోకండి, అది తెలియకపోతే వైద్యం తప్పుదారి పట్టొచ్చు. ఎందుకంటే కొందరిలో ఆ కండరాలు వదులుగా కాదు, మరీ బిగుసుకుపోయి ఉంటాయి, వాళ్లు యూట్యూబ్ చూసి ఇంకా బిగిస్తే నొప్పి పెరుగుతుంది. కండరం పట్టు తెలుసుకోవడానికి లోపలి పరీక్ష అవసరం పడొచ్చు, గ్లవుజు వేసుకుని ఒక వేలితో చేస్తారు. మీరు సరేనంటేనే చేయాలి. వద్దనొచ్చు, మధ్యలో ఆపమనొచ్చు, లేడీ థెరపిస్టే కావాలని ఫోన్ చేసినప్పుడే అడగొచ్చు, తోడుగా చెల్లెల్నో కూతుర్నో తీసుకెళ్లొచ్చు. వద్దన్నంత మాత్రాన వైద్యం ఆగదు, పైనుంచి చూసి కూడా చాలా నేర్పుతారు.

నేర్పేది ఇలా ఉంటుంది. మోకాళ్లు మడిచి పడుకుని, గ్యాస్ పోకుండా బిగబట్టినట్టు, దాంతోపాటే మూత్రం ఆపుకున్నట్టు, లోపలికీ పైకీ లాగాలి. పిరుదులు, తొడలు బిగుసుకోకూడదు. దాదాపు అందరూ ఊపిరి ఆపేస్తారు, అందుకే పైకి వినబడేలా ఒకటీ రెండూ మూడూ అని లెక్కపెట్టమంటారు, గొంతు ఆగిందంటే ఊపిరి బిగబట్టినట్టే. మొదట్లో మూడు లెక్కల దాకా పట్టినా చాలు, తర్వాత అంతసేపూ పూర్తిగా వదలాలి, వదలడం కూడా వ్యాయామమే. పూటకు 8 సార్లు, రోజుకు 3 పూటలు, కనీసం 3 నెలలు. పది రోజులకే తేడా లేదని మానేసేవాళ్లే ఎక్కువ. తుమ్ము వస్తోందనగానే ముందే ఒకసారి బిగించడం కూడా నేర్పుతారు, బిందె ఎత్తేముందూ అదే. మూత్రానికి వెళ్తూ మధ్యలో ఆపడం మాత్రం రోజూ చేయకండి.

మీరు రాయలేదు గానీ, రాజోలు నుంచి అమలాపురం బస్సెక్కాలంటే పొద్దున్నుంచి నీళ్లు తాగడం మానేస్తారు కదూ? అది మానండి. నీళ్లు తగ్గితే మూత్రం చిక్కబడి మూత్రసంచిని ఇంకా చికాకు పెడుతుంది. తగ్గించాల్సింది టీలు. వెళ్లేముందు మూడు రోజులు ఒక కాగితం మీద ఏ టైముకి ఎన్ని గ్లాసులు తాగారో, ఎన్నిసార్లు వెళ్లారో, ఎప్పుడు జారిందో రాయండి. దానితోపాటు వేసుకునే మందుల చీటీలన్నీ పట్టుకెళ్లండి. ఒకసారి మూత్ర పరీక్ష, షుగరు పరీక్ష కూడా చేయించండి.

నడుం నొప్పి విషయం కూడా అదే థెరపిస్టుకు చెప్పండి. కరెంటు పెట్టించుకుని, వేడి కాపడం పెట్టించుకుని వచ్చేయడమే ఫిజియోథెరపీ అనుకుంటున్నారు మనవాళ్లు, కొన్ని సెంటర్లూ అలాగే నడిపిస్తున్నాయి. మిమ్మల్ని నిలబెట్టి, వంచి, నడిపించి చూడకుండా మిషను తగిలించేస్తే ఇంకో చోటు చూసుకోండి. ఫిజియోథెరపీలో డిగ్రీలైన బీపీటీ లేదా ఎంపీటీ చదివారా, ఆడవాళ్ల పెల్విక్ సమస్యలు చూస్తారా అని అడగండి. అమలాపురంలో దొరక్కపోతే కాకినాడలోనో రాజమండ్రిలోనో వాకబు చేయండి. వారం వారం అంత దూరం తిరగక్కర్లేదు, వ్యాయామం ఎలాగూ ఇంట్లో మీరే చేయాలి, సరిగ్గా చేస్తున్నారో లేదో చూపించుకోవడానికి మధ్య మధ్యలో వెళ్తే చాలు.

మూత్రంలో రక్తం కనిపించినా, మంట, జ్వరం ఉన్నా వ్యాయామం సంగతి పక్కనపెట్టి డాక్టరును కలవండి. నడుం నొప్పితో పాటు కూర్చునే చోట తిమ్మిరెక్కినా, ఉన్నట్టుండి మూత్రం రావడం ఆగిపోయినా, కాళ్లలో బలం తగ్గినా తెల్లారేదాకా ఆగకండి, ఆ రాత్రే పెద్దాసుపత్రికి వెళ్లిపోండి.