డాక్టర్ సలహా: ముందు ఆ పంటి గీత సంగతి చూడండి

ప్రశ్న: నా వయసు 54, మావారికి 61. మాకు పిల్లల్లేరు. ఏడేళ్ల కిందట వానలో తడుస్తూ మా అరుగెక్కిన కుక్కపిల్లను పెంచుకున్నాం. బుజ్జిగాడని పిలుచుకునేవాళ్లం. మా కొడుకే అనుకోండి. నెలన్నర కిందట గేటు తీసి ఉంటే బయటికెళ్లి, వీధి కుక్కలతో కొట్లాడి చెవి చింపుకుని వచ్చాడు. పసుపు పెడితే మానింది. తర్వాత ఉన్నట్టుండి తిండి మానేసి మంచం కింద దూరాడు. నోరు తెరుచుకునే ఉండేది, సొంగ కారేది. గొంతులో ఎముక అడ్డం పడిందేమోనని చెయ్యి పెట్టి చూశాను. పన్ను గీసుకుని వేలు తెగింది. మర్నాడు టీటీ చేయించుకున్నాను. పెళ్లిలో అమ్మ సారెలో పెట్టిన వెండి ఉగ్గుగిన్నెతో ఇద్దరం వాడికి గ్లూకోజు నీళ్లు పట్టాం, మింగలేకపోయాడు. వెనక కాళ్లు పడిపోయి ఐదో రోజున మా ఒళ్లోనే పోయాడు. ఇప్పటికి పన్నెండు రోజులు. మావారు సరిగా తినడం లేదు, రాత్రిళ్లు లేచి కూర్చుంటున్నారు. నా నిద్రమాత్రలో సగం ఆయనకు ఇస్తున్నాను. చుట్టాలేమో ‘కుక్క కోసం ఇంత ఏడుపా, పిల్లల్లేనివాళ్ల చాదస్తం’ అంటున్నారు. వెంటనే ఇంకో కుక్కపిల్లను తెచ్చుకుంటే మావారు తేరుకుంటారా? (ఒక పాఠకురాలు, కాకినాడ దగ్గర)

జవాబు: అమ్మా, మీరు అడిగిన దానికి తర్వాత వస్తాను. మీ మెయిల్ మధ్యాహ్నం ఓపీలో ఇద్దరు పేషెంట్ల మధ్య పైపైన చదివాను. పన్ను గీసుకుందన్న చోట ఆగి మళ్లీ మొదటినుంచి చదివాను. ఈ జవాబు అచ్చయ్యేదాకా ఆగొద్దని, వెంటనే మీకు ఫోన్ చేయమని డెస్క్ వాళ్లకు చెప్పాను. ఫోన్ అందుకుని ఇప్పటికే వెళ్లి ఉంటే మంచిదే. లేకపోతే ఇది చదవడం ఇక్కడితో ఆపి, మీరూ మీవారూ బయల్దేరండి. మిగతాది ఆసుపత్రి బెంచీ మీద చదువుకోవచ్చు.

మీరు, మీవారు రేబిస్ టీకా మొదలుపెట్టాలి. ఈరోజే.

బుజ్జిగాడికి రేబిస్ అని నేను అనడం లేదు. నేను వాణ్ని చూడలేదు, పైగా నేను మనుషుల డాక్టర్ని. విషం తిన్నా, పాము కరిచినా, డిస్టెంపర్ (కుక్కలకు వచ్చే ఒక వైరస్ జబ్బు) వచ్చినా, నిజంగానే ఎముక అడ్డం పడినా కొన్ని లక్షణాలు ఇలాగే ఉండొచ్చు. కానీ మీరు రాసినవన్నీ ఒక వరసలో పెట్టి చూడండి. వీధి కుక్కలతో కొట్లాట, చెవికి గాయం. కొన్ని వారాలకు చీకట్లో దాక్కోవడం. కింది దవడ జారిపోవడం, సొంగ, మింగలేకపోవడం. వెనక కాళ్లు పడిపోయి ఐదు రోజుల్లో ప్రాణం పోవడం. ఈ వరస చూసి రేబిస్ కాదులే అనే ధైర్యం ఏ డాక్టరూ చేయడు. టీకాలు వేయించారా లేదా అన్నది మీరు రాయనే లేదు. ఏటా వేయించాల్సిన బూస్టర్ ఎక్కడో తప్పిపోయిందనే అనుకుంటున్నాను. క్రమం తప్పకుండా వేయించి ఉన్నా ఈ లక్షణాలతో పోయిన కుక్క విషయంలో నా సలహా మారదు. పోయాక రేబిస్ అవునో కాదో తేలాలంటే మెదడు నమూనా ల్యాబ్‌లో చూడాలి. ఇప్పుడది కుదిరే పని కాదు, ఆ పని మీద మట్టి తవ్వించొద్దు కూడా. అవుననుకుని వైద్యం చేయడమే.

మన భాషలో ఈ జబ్బుకు పెట్టిన పేరే సగం ముంచుతోందని నా అనుమానం. ‘పిచ్చికుక్క’ అనగానే నురగలు కక్కుతూ ఊరంతా తిరిగి కనబడినవాళ్లనల్లా కరిచే కుక్కే కళ్లముందు మెదులుతుంది. మన ఒళ్లో పడుకునేవాణ్ని ఆ మాట అనడానికి నోరు రాదు. రేబిస్‌లో ఇంకో రకం ఉంది. అందులో కుక్క ఎవరి మీదికీ రాదు. మూలకు చేరుతుంది, పిలిస్తే నీరసంగా తోక ఊపుతుంది, అరుపు బొంగురుపోతుంది, నోరు మూతపడదు. చూసేవాళ్లకు గొంతులో ఏదో ఇరుక్కుందనే అనిపిస్తుంది. పాపం, ప్రేమ ఉన్నవాళ్లే నోట్లో చెయ్యి పెడతారు. మీరు చేసింది కూడా అదే. మీకు తోచింది తప్పని నేనెలా అంటాను? కానీ ఆ నోట్లో ఉన్న సొంగ మీ తెగిన వేలికి తగిలింది.

ఇక టీటీ. ఇక్కడ కాస్త కోప్పడతాను, ఏమీ అనుకోవద్దు. టీటీ ధనుర్వాతానికి. రేబిస్‌కూ దానికీ సంబంధం లేదు. వారానికి ఒకరైనా నా దగ్గర ‘కుక్క పన్ను తగిలింది, మెడికల్ షాపులో టీటీ వేయించుకున్నాం సార్’ అని నిశ్చింతగా చెబుతారు. టీటీ వద్దనడం లేదు, అదీ కావాలి. కాని అది వేయించుకున్నాక మనసు కుదుటపడిపోతుంది చూశారా, భయమంతా ఆ కుదురుతోనే. మీరు మర్నాడే సూది దాకా వెళ్లారు. అక్కడ ఎవరైనా ‘దేనికమ్మా?’ అని అడిగి ఉంటే ఇన్ని రోజులు పోయేవి కావు.

ఇన్ని రోజులైపోయింది కదా, ఇంకేం లాభం అనుకోకండి. మనిషికి ఈ జబ్బు సాధారణంగా ఒకటి నుంచి మూడు నెలల్లో బయటపడుతుంది. ఒక్కోసారి వారానికే రావచ్చు, ఒక్కోసారి ఏడాది దాటాకా రావచ్చు. వైరస్ గాయం దగ్గర్నుంచి నరం వెంబడి మెదడు వైపు నెమ్మదిగా పాకుతుంది. అది మెదడుకు చేరేలోగా ఒంట్లో రోగనిరోధక శక్తి తయారవ్వాలి. అందుకే ఆలస్యంగా వచ్చినవాళ్లకు కూడా టీకా వేస్తాం. వేళ్లలో నరాలు ఎక్కువ, కాబట్టి చేతి గాయాన్ని కాలి గాయం కన్నా తీవ్రంగా తీసుకుంటాం. లక్షణాలు మొదలయ్యాక మాత్రం మా చేతుల్లో దాదాపు ఏమీ ఉండదు. ఈ వాక్యం రాయడం నాకూ ఇష్టం లేదు.

గాయాలను మూడు తరగతులుగా విడదీస్తాం. తెగని చర్మం మీద నాకితే ఏమీ అక్కర్లేదు, కడుక్కుంటే చాలు. నెత్తురు రాని గీత అయితే టీకా. చర్మం తెగినా, తెగిన చోట లేదా కంట్లో, నోట్లో సొంగ పడినా మూడో తరగతి. అప్పుడు టీకాతో పాటు ఇమ్యునోగ్లోబ్యులిన్ (వైరస్‌ను వెంటనే అడ్డుకునే, ముందే తయారైన యాంటీబాడీల మందు) కూడా కావాలి. ఆసుపత్రుల్లో సీరం అంటే అర్థమవుతుంది. దాన్ని గాయం లోపలా చుట్టూ ఎక్కిస్తారు. వేలు మానినట్టు కనిపించినా ఆ చోటు చూపించి అడగండి, ఎంత, ఎక్కడ అన్నది అక్కడి డాక్టర్ చూసి నిర్ణయిస్తారు. సీరం గడువును మొదటి టీకా రోజు నుంచే లెక్కిస్తారు. మీరు టీకా ఇంకా మొదలుపెట్టలేదు కాబట్టి అది దాటిపోలేదు. టీకా పీహెచ్‌సీలో ఉచితంగానే వేస్తారు గానీ సీరం అన్నిచోట్లా దొరకదు. నేరుగా కాకినాడ పెద్దాసుపత్రికే వెళ్లండి. ఓపీ టైము దాటితే క్యాజువాలిటీలో చెప్పండి.

బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు అని భయపడే వయసు మీది. ఆ టీకా మన దేశంలో ఆగిపోయి ఇరవై ఏళ్లయింది. ఇప్పుడు భుజానికి కండలో వేస్తే ఐదు డోసులు: మొదటి రోజును సున్నా అనుకుంటే 0, 3, 7, 14, 28 రోజులు. ప్రభుత్వాసుపత్రుల్లో ఎక్కువగా చర్మంలోకి వేస్తారు, అప్పుడు 0, 3, 7, 28. ఏ పద్ధతైనా మధ్యలో ఆపొద్దు. పిరుదుకు వేయించుకోవద్దు. షుగర్, బీపీ ఉన్నా వేసుకోవచ్చు, పథ్యం ఏమీ లేదు. కీళ్ల నొప్పులకని స్టెరాయిడ్ మాత్రలు వాడుతుంటే మాత్రం అక్కడ తప్పకుండా చెప్పండి.

మీవారి సంగతి. ‘ఇద్దరం నీళ్లు పట్టాం’ అన్నారు. ఆయన చేతులకూ సొంగ తగిలే ఉంటుంది. ఆ రోజుల్లో ఆయన వేళ్ల మీద చిన్న కోత, ఊడిన గోటి పొర ఉన్నాయో లేదో ఇప్పుడు గుర్తుండదు. గుర్తులేనప్పుడు వేయించుకోవడమే మేలు. బుజ్జిగాడి పక్కబట్ట ఉతికిన పనమ్మాయి, వాణ్ని పట్టుకున్న పక్కింటి పిల్లలు ఎవరైనా ఉన్నారా? ఉంటే వాళ్లనూ వెంట తీసుకెళ్లి అడగండి. సొంగలు కారడం మొదలయ్యాక అనే కాదు, అంతకు ముందు పది రోజుల్లో పన్ను తగిలినవాళ్లను కూడా. లక్షణాలు రాకముందే సొంగలో వైరస్ ఉంటుంది. కరిచిన కుక్కను పది రోజులు కనిపెట్టి చూడమనేది అందుకే. ఆ పది రోజులూ కుక్క ఆరోగ్యంగా ఉంటే ఊపిరి పీల్చుకోవచ్చు. మీ ఇంట్లో అలా జరగలేదు.

నేను హౌస్ సర్జన్‌గా ఉన్నప్పుడు ఒకావిడను చూశాను. వీధిలో దొరికిన రెండు నెలల కుక్కపిల్లకు వేలితో పాలు పట్టేది. పాలపళ్లు వేలికి గుచ్చుకునేవి. అది చచ్చిపోయింది, పసిది కదా అని ఎవరూ పట్టించుకోలేదు. ఆవిడ వార్డుకు వచ్చిన రోజు నర్సు స్టీలు గ్లాసుతో నీళ్లిచ్చింది. ఆవిడకు దాహంగానే ఉంది, గ్లాసు పెదాల దాకా తెచ్చుకుంది కూడా. గొంతు బిగుసుకుపోయి గ్లాసు జారిపడింది. ‘ఏంటో, చెయ్యి వణికింది’ అని మమ్మల్నే క్షమాపణ అడిగింది. అప్పటినుంచి నేను కుక్క పేరు, వయసు, అది ఎంత మంచిదో అడగను. పన్ను తగిలిందా, చర్మం తెగిందా, ఎన్ని రోజులైంది, ఇంతే.

ఆ ఉగ్గుగిన్నె మాట దగ్గర మాత్రం నాకూ కలం ఆగింది. ఎవరి కోసమో దాచినది ఎవరికో పనికొచ్చింది. దాన్ని సబ్బుతో తోమి మరిగే నీళ్లలో వేసి దాచుకోండి, పారేయనక్కర్లేదు. వాడి బెల్టు, పక్కబట్ట సబ్బునీళ్లలో నానబెట్టి ఎండలో ఆరేయండి, చేతులకు గ్లవ్స్ వేసుకుని. ఈ వైరస్ ఎండకు, సబ్బుకు ఎక్కువసేపు నిలవదు. ఇకముందు ఏ కుక్క, పిల్లి, కోతి పన్ను తగిలినా ముందు చేయాల్సింది కూడా సబ్బే. ధారగా పడే నీటి కింద పదిహేను నిమిషాలు గడియారం చూసి మరీ కడగాలి. పసుపు, కారం, సున్నం, కాఫీ పొడి ఏవీ పెట్టకూడదు. బుజ్జిగాడి చెవికి కూడా పసుపు కాకుండా ఆ రోజే పశువుల డాక్టర్ దగ్గర టీకా పడి ఉండాల్సింది. ఇది మిమ్మల్ని నొప్పించడానికి కాదు, రేపు ఇంకో గేటు తెరిచి ఉంటుంది కాబట్టి.

మీవారి దిగులు జబ్బు కాదు. ఏడేళ్లు పొద్దున్నే లేపినవాడు, సాయంత్రం వీధి చివరిదాకా నడిపించినవాడు, అన్నం వేళకు కంచం పక్కన కూర్చున్నవాడు లేడు. పిల్లలున్న ఇంట్లో ఆ వేళలు వేరేవాళ్లు నింపుతారు, మీ ఇంట్లో నింపేవాళ్లు లేరు. చుట్టాలకు జవాబు చెప్పే పని పెట్టుకోకండి. కాని ఆ నిద్రమాత్ర ఈ రాత్రి నుంచి ఆయనకు ఇవ్వకండి. మీకు రాసిన మందు మీకు. 61 ఏళ్లాయన రాత్రి మగతలో బాత్రూంకి లేచి పడితే తుంటి ఎముక విరుగుతుంది, అలాంటివాళ్లను నేను చూస్తూనే ఉన్నాను. బీపీకి, గుండెకు వాడే మందులు ఏవైనా ఉంటే ఇంకా జాగ్రత్త. తిండి మానేయడానికి దిగులొక్కటే కారణం అని కూడా ఇక్కడ కూర్చుని చెప్పలేను. ఎలాగూ ఆసుపత్రికి వెళ్తున్నారు కాబట్టి బరువు, బీపీ, షుగర్ చూపించండి. ఇంకో రెండు వారాలకూ తినకపోతే, లేదా బతకాలని లేదన్న మాట ఒక్కసారి వచ్చినా సరే, మానసిక వైద్యుడికి చూపించాలి. ఏ వేళలోనైనా టెలి మానస్ (ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్) 14416కి ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడతారు.

కొత్త కుక్కపిల్ల ఆయన్ని తేరుకునేలా చేస్తుందా అంటే, చేయొచ్చు, చేయకపోవచ్చు. ఆయన్నే అడిగారా? మీ మెయిల్ నిండా ఆయన సంగతే ఉంది గానీ ఆయన మాట ఒక్కటీ లేదు. తెచ్చుకుంటే పిల్లకు మూడో నెలలో రేబిస్ టీకా, తర్వాత బూస్టర్, ఆపైన ఏటా ఒకటి. ఆ తేదీలు పశువుల డాక్టర్ కార్డు మీద రాసిస్తారు. పిల్ల చిన్నదని పంటి గాట్లను తేలిగ్గా తీసుకోవద్దు. ఇప్పుడు వేయించుకునే కోర్సు పూర్తయితే మున్ముందు ఏ కుక్క కరిచినా మీకు సీరం అక్కర్లేదు, సాధారణంగా రెండు డోసులతో సరిపోతుంది. అందుకని ఆసుపత్రివాళ్లిచ్చే చీటీ జాగ్రత్తగా దాచుకోండి.

క్యాలెండర్‌లో ఈరోజుకు సున్నా వేసి, మిగతా తేదీలు గుండ్రంగా చుట్టండి. కుక్కపిల్ల సంగతి 28వ రోజు డోసు అయ్యాక రాయండి, అప్పుడు మాట్లాడుకుందాం.

(మెయిల్‌లో రాసినదాన్ని బట్టి ఇచ్చిన సాధారణ సలహా ఇది. స్వయంగా చూసిన డాక్టర్ చెప్పిందే పాటించాలి.)