జర్మనీలో కొన్న కెమెరాకు టైప్‌-సి పోర్టు లేదు.. డబ్బు వెనక్కి వస్తుందా?

ప్రశ్న: మేం జర్మనీలో ఉంటున్నాం. 2025 మార్చిలో ఒక ఎలక్ట్రానిక్స్ దుకాణం వెబ్‌సైటులో కొత్త డిజిటల్ కెమెరా ఆర్డర్ చేశాను. ఇంటికొచ్చాక చూస్తే చార్జింగ్‌కి మైక్రో యూఎస్‌బీ పోర్టు ఉంది. డబ్బాలో అడాప్టరూ లేదు. యూరప్‌లో టైప్‌-సి తప్పనిసరి కదా అని అడిగితే ‘ఇది పాత స్టాకు, ఆ చట్టం దీనికి వర్తించదు’ అన్నారు. కొని ఆరు వారాలైంది. డబ్బు వెనక్కి అడగొచ్చా? ఇంకో సంగతి: ఇండియాలో మా తమ్ముడి దగ్గర అమ్ముడుపోని కొత్త కెమెరాలు పది ఉన్నాయి. వాటిని తెప్పించి ఇక్కడ ఆన్‌లైన్‌లో అమ్మితే ఏమైనా ఇబ్బందా?
– ఒక పాఠకుడు

జవాబు: మీ బిల్లు మీద 2025 అని ఉన్నంత మాత్రాన దుకాణం వాళ్లు అబద్ధం చెప్పారని అనలేం. అలాగని వాళ్లు ‘పాత స్టాకు’ అనగానే మీరు ఊరుకోవాల్సిన పనీ లేదు. ఈ వ్యవహారమంతా ఒక తేదీ మీద నడుస్తుంది. అది మీరు కొన్న తేదీ కాదు.

టైప్‌-సి నిబంధన 2022/2380 నంబరు డైరెక్టివ్‌తో, అంటే సభ్యదేశాలన్నీ అమలు చేయాల్సిన ఆదేశంతో వచ్చింది. యూరోపియన్ యూనియన్ 2022 నవంబరు 23న దీన్ని చేసి, అప్పటికే ఉన్న 2014/53 రేడియో పరికరాల డైరెక్టివ్‌ను సవరించింది. మొబైల్ ఫోన్లు, ట్యాబ్లెట్లు, డిజిటల్ కెమెరాలు, హెడ్‌ఫోన్లు, ఈ-రీడర్లు, కీబోర్డులు, మౌస్‌ల వంటి వాటికి 2024 డిసెంబరు 28 నుంచి, ల్యాప్‌టాప్‌లకు 2026 ఏప్రిల్ 28 నుంచి వర్తింపు. అయితే ఆ తేదీ తర్వాత యూరోపియన్ యూనియన్ మార్కెట్‌లోకి ‘మొదటిసారి’ వచ్చిన పరికరాలకే ఈ షరతు. లెక్క మోడల్‌కు కాదు, ఒక్కో పీసుకు. అదే మోడల్‌లో 2024 నవంబరులో తయారీదారు లేదా దిగుమతిదారు హోల్‌సేల్ వ్యాపారికి అప్పగించిన పీసును ఇప్పుడు అమ్మినా తప్పు లేదు. 2025 జనవరిలో అప్పగించిన పీసుకు టైప్‌-సి లేకపోతే అది చట్ట ఉల్లంఘనే. తయారీదారు సొంత గోదాములో పడి ఉన్న సరుకు మార్కెట్‌లోకి వచ్చినట్టు కాదు. అందుకే కెమెరా అడుగున ఉండే సీరియల్ నంబరుతో తయారైన నెల తెలిసినా దానితో కేసు తేలదు. తయారీకీ అప్పగింతకూ మధ్య నెలలు గడవొచ్చు.

ఆ అప్పగింత తేదీ మీకు ఎవరు చెబుతారు? దుకాణం చెప్పాలన్న బలవంతం లేదు. ఎవరి దగ్గర కొన్నారో, ఎవరికి అమ్మారో పదేళ్లపాటు చూపగలగాలని డైరెక్టివ్ వ్యాపారులను ఆదేశించినా, అడిగే అధికారం ఇచ్చింది తనిఖీ సంస్థలకే. జర్మనీలో రేడియో పరికరాల తనిఖీ బుండెస్‌నెట్జ్‌ఆగెంటూర్ అనే ప్రభుత్వ సంస్థ పని. మీరు ఫిర్యాదు పెడితే ఆ కాగితాలు అడిగేది వాళ్లు. కానీ వాళ్ల పని సరుకును సరిచేయించడం, అవసరమైతే మార్కెట్ నుంచి తీయించడం. మీ డబ్బు వాళ్లు ఇప్పించరు. చాలామంది ఇక్కడే పొరబడి, ఫిర్యాదు పెట్టేసి డబ్బు వస్తుందని ఎదురుచూస్తూ కూర్చుంటారు. ఈలోగా అమ్మినవాడి మీద ఉన్న గడువులు దాటిపోతాయి.

దానికంటే ముందు, మీ కెమెరా ఈ నిబంధన కిందికి వస్తుందో లేదో చూసుకోండి. డైరెక్టివ్ వర్తించేది రేడియో పరికరాలకు. అంటే వైఫై గానీ బ్లూటూత్ గానీ ఉండాలి. రెండూ లేని చౌకరకం కెమెరా దీని పరిధిలోకి రాదు. ప్రసార, చిత్రీకరణ రంగాల కోసమే, లేదా భద్రత, నిఘా కోసమే తయారైన కెమెరాలకూ మినహాయింపు ఉంది. ఇక షరతు ‘తీగ ద్వారా చార్జ్ చేయగలిగినంత మేరకు’ అన్న మాటతో మొదలవుతుంది. బ్యాటరీని బయటకు తీసి విడి చార్జర్‌లో పెట్టడం తప్ప మరో దారి లేని కెమెరాను తీగతో చార్జ్ అయ్యే కెమెరాగా చూడలేమన్నది ఆ పాఠాన్ని బట్టి నా అభిప్రాయం. మీ కెమెరా మైక్రో యూఎస్‌బీ తీగతోనే చార్జ్ అవుతోంది కనుక ఆ పేచీ మీకు లేదు.

ఇక డబ్బు సంగతి. మీ ముందు మూడు దారులున్నాయి. వాటిలో టైప్‌-సి చట్టాన్ని పట్టుకుని వెళ్లేది అన్నిటికంటే కష్టమైన దారి. మిగతా రెండూ ముందు చూడండి.

మొదటిది విడర్‌రూఫ్, అంటే కారణం చెప్పకుండా కొనుగోలు రద్దు చేసుకునే హక్కు. దుకాణంలో కాకుండా ఆన్‌లైన్‌లో కొన్న వినియోగదారుకు వస్తువు చేతికొచ్చిన నాటి నుంచి 14 రోజుల గడువు ఉంటుంది. మీకు ఆరు వారాలైంది కాబట్టి మామూలుగా అయితే ఈ తలుపు మూసుకున్నట్టే. కానీ ఈ హక్కు గురించి అమ్మినవాడు సరైన రాతపూర్వక సమాచారం ఇవ్వకపోతే గడువు మరో 12 నెలలు పెరుగుతుంది. ఆర్డర్ ఖరారైనప్పుడు వచ్చిన ఈమెయిల్ తీసి, దాని అడుగునా జతచేసిన పీడీఎఫ్‌లోనూ ఆ నోటీసు ఉందో లేదో చూడండి. పెద్ద దుకాణాలు సాధారణంగా దీన్ని మరచిపోవు. వేరే చిన్న వ్యాపారులు అమ్ముకునే వేదిక మీద కొన్నారనుకోండి, లేకపోయే అవకాశం బాగానే ఉంటుంది.

ఈ హక్కు ఉందని తేలితే ‘నేను ఈ ఒప్పందాన్ని రద్దు చేసుకుంటున్నాను’ అని స్పష్టంగా రాసి పంపాలి. ఏమీ చెప్పకుండా పార్సిల్ తిప్పి పంపితే రద్దు చేసినట్టు కాదు. కెమెరాను దుకాణంలో పరీక్షించి చూసినంత మేర వాడితే కోత ఉండదు. నాలుగు ఫొటోలు తీసి చూడటం పరీక్షే. దాంతో ఒక పెళ్లంతా తీసి తిప్పి పంపితే, నోటీసు సరిగా ఇచ్చిన దుకాణం విలువ తగ్గినందుకు డబ్బు పట్టుకోవచ్చు. నోటీసే ఇవ్వని దుకాణానికి ఆ హక్కు ఉండదు. వెబ్‌సైటులో రిజర్వు మాత్రమే చేసి, దుకాణానికి వెళ్లి అక్కడ డబ్బు కట్టి తెచ్చుకున్నవారికి ఈ హక్కు ఉండదు. అది దుకాణంలో జరిగిన కొనుగోలు కిందే లెక్క.

రెండోది, మీ కేసులో బలమైనది కావచ్చు: అమ్మకం పేజీలో ఏం రాశారు? అందులో ‘యూఎస్‌బీ-సి చార్జింగ్’ అని ఉండి మీకు మైక్రో యూఎస్‌బీ వచ్చిందంటే పాత స్టాకా, కొత్త స్టాకా అన్న చర్చే అక్కర్లేదు. చెప్పిన వస్తువు ఇవ్వలేదు, అంతే. జర్మన్ సివిల్ కోడ్ బీజీబీలోని 434వ సెక్షన్ ప్రకారం అది లోపం. ఇలాంటి తికమకలకు ఈమధ్య ఒక కారణం ఉంది. కొన్ని కంపెనీలు పాత మోడల్‌కే పోర్టు మార్చి, పేరు చివర ఒక అక్షరం చేర్చి మళ్లీ విడుదల చేశాయి. పానాసోనిక్ ఎఫ్‌జెడ్82కి టైప్‌-సి పెట్టి 2024లో ఎఫ్‌జెడ్82డీగా తెచ్చింది అలాగే. అమ్మకందారులు కొత్తదాని వివరాలు పాతదాని పేజీలో అతికించేస్తుంటారు. కాబట్టి ఈరోజే ఆ పేజీని స్క్రీన్‌షాట్ తీసి, తేదీతో దాచుకోండి. రేపు సరిదిద్దేస్తే మీ దగ్గర రుజువు మిగలదు.

మూడోది చట్ట ఉల్లంఘన వాదన. వస్తువుకు ఉండాల్సిన మామూలు నాణ్యతను లెక్కించేటప్పుడు అమల్లో ఉన్న చట్టాలనూ చూడాలని వినియోగ వస్తువుల అమ్మకాలపై 2019/771 డైరెక్టివ్ చెబుతోంది. మీ పీసు నిజంగా 2024 డిసెంబరు 28 తర్వాత మార్కెట్‌లోకి వచ్చిందని తేలితే, అది లోపమనడానికి గట్టి ఆధారమే. ‘పోర్టు కొనేటప్పుడే కనిపించేది కదా’ అని దుకాణం అంటే ఆ మాట చెల్లదు. కొనుగోలుదారుకు తెలిసిన లోపానికి హక్కు పోతుందనే 442వ సెక్షన్‌ను వినియోగదారు కొనుగోళ్లకు వర్తింపజేయకూడదని 475వ సెక్షనే చెబుతోంది. ఇబ్బందల్లా రుజువుతోనే. మొదటి ఏడాదిలో బయటపడిన లోపం ముందునుంచీ ఉన్నట్టే భావించాలనే 477వ సెక్షన్ ఇక్కడ అక్కరకు రాదు. పోర్టు మొదటినుంచీ మైక్రో యూఎస్‌బీయే అన్నది ఎవరూ కాదనరు. తేలాల్సింది అప్పగింత తేదీ.

రెండో దారిలో వెళ్లినా, మూడో దారిలో వెళ్లినా వరస ఒకటే. అమ్మినవాడికే రాయండి, తయారీదారుకు కాదు. ‘గరాంటీ’ అని రాస్తే మిమ్మల్ని కంపెనీ సర్వీస్ సెంటరుకు పంపేస్తారు. మీరు అడగాల్సింది గెవేర్‌లైస్టుంగ్, అంటే అమ్మినవాడి మీద రెండేళ్లపాటు ఉండే చట్టబద్ధ బాధ్యత. ముందు మరమ్మతు గానీ మార్పిడి గానీ కోరాలి. మైక్రో యూఎస్‌బీ తీసి టైప్‌-సి పెట్టడం మరమ్మతు కిందికి రాదు. కాబట్టి టైప్‌-సి ఉన్న అదే మోడల్ ఇవ్వమని, రెండు వారాల గడువు పెట్టి ఈమెయిల్ చేయండి. ఆర్డర్ నంబరు, సీరియల్ నంబరు, పోర్టు ఫొటో, పేజీ స్క్రీన్‌షాట్ జతచేయండి. ‘ఈ పీసును మీరు సరఫరాదారు నుంచి ఏ తేదీన అందుకున్నారో రాతపూర్వకంగా తెలపండి’ అన్న ఒక వాక్యం కూడా చేర్చండి. జవాబు ఇవ్వకపోయినా, తప్పించుకుంటూ జవాబిచ్చినా ఆ కాగితం తర్వాత పనికొస్తుంది. అలాంటి పీసు లేదంటే ఒప్పందం నుంచి వైదొలగడం, లేదా ధర తగ్గించమనడం మీ ఇష్టం. లోపం స్వల్పమైతే వైదొలగే వీలుండదు. దుకాణం ఆ మాటే ఎత్తుతుంది. అప్పుడు ధర తగ్గింపు దగ్గర రాజీ పడటం తెలివైన పని. కొంత డబ్బు కోసం ఏడాదిపాటు కోర్టు మెట్లు ఎక్కమని నేను సలహా ఇవ్వను.

అడాప్టర్ లేకపోవడం మాత్రం లోపం కాదు. పైగా చట్టం కోరేదీ అదే. అడాప్టర్‌తో కలిపి అమ్మే వ్యాపారి, ఈ జాబితాలోని పరికరాలను అడాప్టర్ లేకుండా కొనుక్కునే వీలూ ఇవ్వాలి. డబ్బాలో అడాప్టర్ ఉందో లేదో చెప్పే ప్లగ్గు బొమ్మ పెట్టాలి. ఆన్‌లైన్‌లో అయితే అది ధర పక్కనే కనబడాలి. ఈ నియమం కేబుల్‌కు లేదు. కేబుల్ ఇవ్వడం, ఇవ్వకపోవడం కంపెనీ ఇష్టం.

మార్పిడిగా టైప్‌-సి కెమెరా వస్తే మొదటి రోజే ఒక పరీక్ష చేయండి. రెండు చివర్లా టైప్‌-సి ఉన్న కేబుల్‌తో, టైప్‌-సి అడాప్టర్‌కు పెట్టి చార్జ్ చేయండి. పోర్టు ఆకారం మాత్రమే టైప్‌-సిగా ఉండి, లోపల సీసీ పిన్నులకు పెట్టాల్సిన 5.1 కిలో ఓమ్‌ల రెసిస్టర్లను ఎగ్గొట్టిన చౌక పరికరాలు ఉంటాయి. అవి లేకపోతే అడాప్టర్ అవతల ఏదో పరికరం ఉందనే గుర్తించదు, కరెంటు వదలదు. పాత తరహా చదునైన యూఎస్‌బీ-ఎ చివర ఉన్న కేబుల్‌తో మాత్రం చక్కగా చార్జ్ అవుతుంది. ‘మా కేబులే వాడాలి’ అని కస్టమర్ కేర్ చెప్పిందంటే అనుమానించండి. ప్రమాణానికి సరిపడే ఏ టైప్‌-సి కేబుల్‌తోనైనా చార్జ్ కావాలన్నది డైరెక్టివ్ షరతు. 5 వోల్టులు, 3 ఆంపియర్లు, 15 వాట్లు, వీటిలో ఏ ఒక్కటి దాటి చార్జ్ అయ్యే కెమెరా అయితే యూఎస్‌బీ పవర్ డెలివరీ (ఎక్కువ వాట్లతో చార్జ్ చేసే ఉమ్మడి పద్ధతి) కూడా ఉండి తీరాలి. కనీసం ఎన్ని వాట్లు, పూర్తి వేగానికి ఎన్ని వాట్లు కావాలో లేబుల్ మీదే రాస్తారు. ఇంట్లో ఉన్న అడాప్టర్‌ను దానితో పోల్చుకోండి.

మీ తమ్ముడి పది కెమెరాల విషయం ఇంతకంటే బరువైనది. మీ సొంత వాడకానికి బ్యాగులో తెచ్చుకున్న కెమెరాకు ఈ చట్టంతో పని లేదు. అమ్మడానికి తెప్పిస్తే మాత్రం చట్టం దృష్టిలో మీరు దిగుమతిదారు. ఆ పీసులు యూరోపియన్ యూనియన్ మార్కెట్‌లోకి మొదటిసారి వచ్చేది మీ చేతుల మీదుగానే. కాబట్టి తయారైన ఏడాదితో సంబంధం లేకుండా టైప్‌-సి షరతు పూర్తిగా వర్తిస్తుంది. ఇండియాలో అవి పాత స్టాకు అన్నది ఇక్కడ చెల్లదు. వాడినవైనా అంతే. సీఈ గుర్తు (యూరప్ నిబంధనలకు సరిపోతుందన్న ముద్ర), అనురూపతా ప్రకటన (అదే మాట తయారీదారు రాసిచ్చే పత్రం) ఉన్నాయో చూసుకోవడం, మీ పేరు, చిరునామా వస్తువు మీదో డబ్బా మీదో వేయడం, ఆ ప్రకటన ప్రతిని పదేళ్లు దాచడం మీ బాధ్యతలవుతాయి. అమ్మకానికి పెట్టకముందే ఎలక్ట్రానిక్ వ్యర్థాల కోసం స్టిఫ్టుంగ్ ఎయర్ అనే నమోదు సంస్థ దగ్గర, ప్యాకింగ్ కోసం లూసిడ్ అనే రిజిస్టరులో, బ్యాటరీలకు విడిగా నమోదు కావాలి. ఎలక్ట్రానిక్ వ్యర్థాల చట్టం ఉల్లంఘనకు జరిమానా లక్ష యూరోల వరకు ఉండొచ్చు.

వీటన్నిటికన్నా జనం ఊహించని ముప్పు ట్రేడ్‌మార్కుది. సరుకు అసలుదే అయినా, బ్రాండు యజమాని దాన్ని యూరోపియన్ ఆర్థిక ప్రాంతం బయట విడుదల చేసి ఉంటే, తన అనుమతి లేకుండా ఇక్కడ అమ్మడాన్ని ఆపించగలడు. యూరప్ న్యాయస్థానం 1998లో సిల్వెట్ కేసులో చెప్పింది ఇదే. బ్రాండు లాయర్ల నుంచి వచ్చే ఒక్క నోటీసు ఖర్చు పది కెమెరాల లాభాన్ని మింగేస్తుంది. పోర్టు టైప్‌-సి అయినా ఈ చిక్కు పోదు. ఆ కెమెరాలను అక్కడే అమ్మించమని మీ తమ్ముడికి చెప్పండి.