కంపెనీ ఒకటే, ఓడలు వేరు

ప్రశ్న: ఒకే క్రూయిజ్ కంపెనీలో మొదటి ప్రయాణం హాయిగా సాగింది. రెండోసారి వేరే ఓడ ఎక్కితే అంతా క్యూలు, గోల. ఇంత తేడా ఎందుకు?

జవాబు: పేరును కాదు, ఓడను చూసి బుక్ చేయాలి. రాయల్ కరీబియన్‌నే తీసుకోండి. 1996 నాటి గ్రాండర్ ఆఫ్ ది సీస్‌లో గదికి ఇద్దరి లెక్కన సుమారు 2,000 మంది పడతారు. 2024లో వచ్చిన ఐకాన్ ఆఫ్ ది సీస్‌లో 5,600 పైమాటే. అలాగని పెద్ద ఓడ ఇరుకని కాదు. గ్రాస్ టనేజీని (ఇది బరువు కాదు, లోపలి ఘనపరిమాణం కొలత) ప్రయాణికుల సంఖ్యతో భాగించండి. ఈ అంకె ఎంత పెద్దదైతే మనిషికి అంత ఎక్కువ చోటు. గ్రాండర్‌కు 37 దాకా, ఐకాన్‌కు 44 దాకా వస్తుంది. కానీ బడి సెలవుల్లో మూడో, నాలుగో పడకలూ నిండుతాయి. ఐకాన్‌లో 7,600 మంది దాకా ఎక్కితే ఆ 44 కాస్తా 33కి పడిపోతుంది. మీ క్యూల రహస్యం చాలావరకు ఇక్కడే ఉంటుంది.

మూడు నాలుగు రాత్రుల ట్రిప్పుల్లో పార్టీల సందడి ఎక్కువ. రెండు వారాలవైతే పెద్దవయసువాళ్లే ఎక్కువగా కనిపిస్తారు.

ఇక గది. డెక్ ప్లాన్‌లో (ఓడ అంతస్తుల పటం) మీ గదికి పైనా కిందా ఏముందో చూడండి. పూల్ డెక్ కిందైతే తెల్లవారకముందే కుర్చీలు ఈడ్చే చప్పుడు. ముందుభాగంలో కింది డెక్ అయితే రేవు చేరేటప్పుడు బో థ్రస్టర్ల (ఓడను పక్కకు నెట్టే ముందుభాగపు ప్రొపెల్లర్లు) మోత, మంచం వణుకు. ఓడ మధ్యలో, కింది అంతస్తుల్లో, పైనా కిందా గదులే ఉన్నచోటు తీసుకోండి. ఊపు కూడా తక్కువ. ఓడ వయసు కన్నా చివరిసారి డ్రై డాక్‌లో (ఓడను నీటి బయట నిలిపి మరమ్మతు చేసే చోటు) ఏమేం మార్చారన్నది ముఖ్యం.