ఆర్‌ఎక్స్100కు 135 బ్లాకు: అమ్మిన షాపును ఏమని అడగాలి?

ప్రశ్న: సెకండ్ హ్యాండ్ బళ్ల షాపులో 1992 మోడల్ యమహా ఆర్‌ఎక్స్100 కొన్నాను. 'కంపెనీ ఒరిజినల్ ఇంజన్' అని బిల్లు మీద రాసిచ్చారు. హెడ్ విప్పిన మెకానిక్ ఇది ఆర్‌ఎక్స్135 బండి బ్లాకు (పిస్టన్ ఆడే సిలిండర్ భాగం) అంటున్నాడు. ఇంజన్ నంబరు చుట్టూ గీతలు కూడా ఉన్నాయి. డబ్బు వెనక్కి వస్తుందా?
- ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: బ్లాకుది డబ్బు తగాదా. నంబరుది పోలీసు కేసు దాకా పోగలదు, అందుకే ముందు అది తేల్చుకోండి. గ్రీజు తుడిచి, ఇంజన్, చాసిస్ నంబర్లను ఆర్‌సీతో అంకె అంకె సరిచూడండి. ఫొటోలు తీసి, పెన్సిల్‌తో కాగితం మీద అచ్చు ఎత్తి పెట్టుకోండి. ఒక అంకె లోతుగా, పక్కది పైపైన ఉన్నా, గీతల కింద పాత అంకె ఛాయ కనిపించినా అనుమానించాల్సిందే. అప్పుడు బండి తీయకుండా పోలీస్ స్టేషన్‌లోనూ, ఆర్టీఓకూ రాతపూర్వకంగా తెలియజేయండి. దయచేసి కొత్తగా పంచ్ కొట్టించకండి. అది దొంగబండి ఇంజనని తేలితే ఇరుక్కునేది మీరే.

ఇక బ్లాకు. పిస్టన్, రింగులు, క్లచ్ ప్లేట్లు అదే కొలతవి వేస్తే రిపేరు కిందే లెక్క. ఇంజన్ మారిస్తే మాత్రం మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం 14 రోజుల్లో ఆర్టీఓకు తెలిపి ఆర్‌సీలో ఎక్కించాలి. ఆర్‌ఎక్స్100 బోరు (సిలిండర్ లోపలి వ్యాసం) 50 మి.మీ., 98 సీసీ. 135ది 58 మి.మీ., 132 సీసీ. అంటే మీ ఆర్‌సీలోని సీసీ ఇప్పుడు తప్పు. రేపు ప్రమాదం జరిగితే బీమా కంపెనీ కొర్రీ పెట్టడానికి ఇది చాలు. 'రీబోరు చేయించాం', అంటే అరిగిన సిలిండర్ లోపలిని కాస్త తొలిపించాం అని షాపువాళ్లు తప్పించుకోబోతారు. రీబోరులో సైజు పావు మిల్లీమీటరు చొప్పున పెరుగుతుంది, మామూలుగా 51 దాటదు. 58 రీబోరుతో రాదు.

బోరు కొలత, తేదీతో మెకానిక్ చేత రాయించి సంతకం తీసుకోండి. బిల్లు జిరాక్స్ జతచేసి, 15 రోజుల గడువుతో షాపుకు స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. స్పందించకపోతే మీరుండే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు వేయవచ్చు. గడువు రెండేళ్లు, 5 లక్షల లోపు కొనుగోలుకు ఫీజు లేదు. ధర వాపసు, పరిహారం రెండూ అడగండి. అమ్మింది షాపు కాక మామూలు వ్యక్తి అయితే ఈ దారి ఉండదు, మూడేళ్లలోపు సివిల్ దావా వేయాలి.

కేసు తేలేదాకా ఆ బ్లాకు మార్చకండి, ఎవరికీ ఇవ్వకండి. మీ ప్రధాన సాక్ష్యం అదే.