నొప్పులు మందుతో తెప్పించినా ఎపిడ్యూరల్ లేకుండా కనొచ్చా?

"39 వారాలకి ఇండక్షన్, అంటే మందులతో నొప్పులు తెప్పించడం, అన్నారు. ఎపిడ్యూరల్, అంటే నొప్పి తెలియకుండా నడుములో ఇచ్చే మత్తు, లేకుండా కనాలని ఇన్నాళ్ళూ అనుకున్నాను. ఇక ఆ ఆశ వదులుకోవాల్సిందేనా?" కొత్తగా అమెరికా వచ్చిన మన అమ్మాయిలు నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఇది. వదులుకోనక్కర్లేదమ్మా. నా రెండో కాన్పు అలాగే జరిగింది, ఆ తర్వాత మా చుట్టుపక్కల ఇంకొందరికీ జరిగింది. కాకపోతే వాటంతటవే నొప్పులొచ్చే కాన్పుకీ దీనికీ తయారవడంలో తేడా ఉంది. నేను చూసినంతలో ఇండక్షన్‌లో ఎపిడ్యూరల్ అడిగేవాళ్ళు చాలామంది నొప్పి కంటే ముందు నీరసానికి లొంగిపోతారు. ముందురోజు రాత్రి నిద్ర ఉండదు, తిండి ఉండదు, అసలు నొప్పులు మొదలయ్యేసరికే ఒంట్లో ఓపిక అయిపోతుంది. అందుకే నేను చెప్పేదంతా ఆ ఓపికని దాచుకోవడం గురించే.

ముందు, ఎందుకు చేస్తున్నారో డాక్టర్ని స్పష్టంగా అడగండి. బీపీ పెరిగి ప్రీఎక్లాంప్సియా అన్నా, బిడ్డ ఎదుగుదల ఆగిందన్నా వాయిదా అడగకండి. షుగర్ సంగతి వేరు. మన దక్షిణాసియా వాళ్ళలో గర్భిణీ షుగర్ ఎక్కువ కాబట్టి ఇండక్షన్ మాట మనకి ఎక్కువగానే వినబడుతుంది. తిండితోనే షుగర్ అదుపులో ఉంటే ఇక్కడి మార్గదర్శకాల ప్రకారం 40 వారాల 6 రోజుల దాకా ఆగే వీలుంది, మందులు వాడుతుంటే 39వ వారంలోనే చేస్తారు. ఏ కారణమూ లేకపోయినా 39 వారాలకి చేద్దామనే డాక్టర్లూ ఉన్నారు. 2018లో అరైవ్ అనే పెద్ద పరిశోధన ఫలితాలు వచ్చాయి. తొలిచూలు వాళ్ళు, ఏ ఇబ్బందీ లేనివాళ్ళు 6,000 మందికి పైగా అందులో ఉన్నారు. 39 వారాలకి ఇండక్షన్ చేసినవాళ్ళలో సిజేరియన్లు 18.6 శాతం, ఆగినవాళ్ళలో 22.2 శాతం. అంటే ఇండక్షన్ అనగానే కోత తప్పదన్న భయం అక్కర్లేదు. అలాగని కారణం లేనప్పుడు ఆగుతాననడమూ తప్పు కాదు, అది మీ ఇష్టం.

ఆస్పత్రిలో చేరగానే గర్భసంచి మూతి పరీక్ష చేసి బిషప్ స్కోర్ అని మార్కులు వేస్తారు. మూతి ఎంత మెత్తబడింది, ఎంత తెరుచుకుంది, బిడ్డ తల ఎంత కిందికి దిగింది, ఇవన్నీ చూసి 13కి లెక్క. మీ మార్కులెన్నో అడిగి తెలుసుకోండి. 8 వచ్చిందంటే మీ శరీరం సగం పని చేసేసినట్టే. 6, అంతకంటే తక్కువైతే ముందు మూతిని మెత్తబరచాలి, దానికే ఒక రాత్రి పట్టొచ్చు. మెత్తబరచడానికి దారులు కొన్ని ఉన్నాయి. మిసోప్రోస్టాల్ మాత్ర ఒకసారి లోపలికి వెళ్తే వెనక్కి తీయలేరు. ముందు సిజేరియన్ అయినవాళ్ళకి అది వాడరు. సర్విడిల్ అనే సన్నటి పట్టీకి దారం ఉంటుంది, నొప్పులు మరీ దగ్గర దగ్గరగా వస్తే లాగేయొచ్చు. బెలూన్ అయితే అందులో మందే లేదు. గొట్టం పెట్టి నీళ్ళు నింపుతారు, మూతి 3, 4 సెంటీమీటర్లు తెరుచుకోగానే అదే జారి పడుతుంది. వీలైనంత తక్కువ మందులతో కనాలనుకుంటే ముందు బెలూన్ గురించి అడగండి. కొన్ని ఆస్పత్రుల్లో బెలూన్ పెట్టి ఇంటికి పంపుతారు కూడా. మన పక్క మీద మనం పడుకునే అవకాశం వస్తే వదులుకోకండి.

ఆ రాత్రి మీరు చేయాల్సింది తినడం, పడుకోవడం. చేరే ముందు ఇంట్లో కడుపునిండా ఇడ్లీయో పెరుగన్నమో తిని బయల్దేరండి. మూతి మెత్తబడే దశలో చాలాచోట్ల తిననిస్తారు, పిటోసిన్ (సెలైన్‌లో ఎక్కించే నొప్పుల మందు) మొదలయ్యాక మాత్రం సాధారణంగా నీళ్ళు, జ్యూస్, జెల్లో అంతే. కొబ్బరి నీళ్ళు, వడకట్టిన పలుచటి చారు తాగొచ్చా అని నర్స్‌ని అడగండి, చాలామంది సరే అంటారు. లైట్లు తగ్గించమనండి, బీపీ, జ్వరం చూడటం వీలైతే ఒకేసారి పెట్టుకోమనండి. "అప్పుడే ఎంత తెరుచుకుంది?" అని గంటగంటకీ ఇండియా నుంచి వచ్చే ఫోన్ల సంగతి మీవారు చూసుకోవాలి. ఇండక్షన్ అంటే 24 గంటలు, ఒక్కోసారి రెండు రోజులు కూడా పట్టొచ్చని అమ్మకీ అత్తయ్యకీ ముందే చెప్పి ఉంచండి. లేకపోతే "అన్ని గంటలెందుకు, ఆపరేషన్ చేసేయమనండి" అంటారు. వాళ్ళని అనుకోవడానికి లేదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కల్లో తెలంగాణలో 60.7 శాతం, ఆంధ్రాలో 42.4 శాతం కాన్పులు సిజేరియన్లే. వాళ్ళు చుట్టూ చూస్తున్నది అదే.

అయితే అదే అమ్మల తరంలో సెలైన్‌లో నొప్పుల మందు ఎక్కించుకుని, ఎపిడ్యూరల్ అన్న మాటే వినకుండా కన్నవాళ్ళు ఎందరో ఉన్నారు. వాళ్ళకి వేరే దారి లేదు, లేబర్ రూమ్‌లోకి భర్తని రానిచ్చేవాళ్ళూ కాదు, ఒంటరిగా వెల్లకిలా పడుకుని కన్నారు. ఇక్కడ మనకి తోడు ఉంటుంది, లేచి నిలబడే హక్కు ఉంటుంది. ఈ రెండూ పూర్తిగా వాడుకోవాలి.

ఇక పిటోసిన్. నిమిషానికి 1 లేదా 2 మిల్లీయూనిట్లతో మొదలుపెట్టి, సాధారణంగా అరగంటకోసారి కాస్తకాస్త పెంచుతారు. పంపు మీద అంకె కనబడుతూనే ఉంటుంది. మామూలు నొప్పులు మెల్లగా ముదురుతాయి, వీటికి ఆ మెల్లదనం తక్కువని చాలామంది చెప్తారు, నాకూ అలాగే అనిపించింది. కాబట్టి మెల్లగా పెంచమని అడగండి. నొప్పులు రెండు మూడు నిమిషాలకోసారి బాగా పడుతుంటే "ఇక పెంచకుండా ఇక్కడే ఉంచుదామా?" అని అడగండి. పది నిమిషాల్లో 5 కంటే ఎక్కువ నొప్పులు వస్తుంటే అది బిడ్డకీ మంచిది కాదు, అప్పుడు వాళ్ళే తగ్గిస్తారు. 6 సెంటీమీటర్లు దాటి నొప్పులు ఊపందుకున్నాక పిటోసిన్ తగ్గించడానికో ఆపడానికో కొందరు డాక్టర్లు ఒప్పుకుంటారు. నాకు అలాగే ఆపారు, తర్వాత నొప్పులు వాటంతటవే సాగాయి. అందరికీ సాగవు, మళ్ళీ పెట్టాల్సి రావొచ్చు. ఉమ్మనీరు సంచి పగలగొట్టే విషయం కూడా ముందే మాట్లాడుకోండి. పగలగొడితే కాన్పు కాస్త త్వరగా అవ్వొచ్చు, కానీ నొప్పి ఒక్కసారిగా పెరుగుతుంది, ఇన్ఫెక్షన్ భయం వల్ల టైమ్ లెక్కపెట్టడం మొదలవుతుంది.

పిటోసిన్ ఉన్నంతసేపూ బిడ్డ గుండె చప్పుడు ఆపకుండా చూడాల్సిందే. దాని అర్థం మంచం దిగకూడదని కాదు. వైర్‌లెస్ మానిటర్ ఉందా అని ఆస్పత్రి చూడటానికి వెళ్ళిన రోజే అడగండి. తడిసినా పాడవని రకమైతే వేడినీళ్ళ షవర్ కింద నిలబడొచ్చు, ఆ హాయి మాటల్లో చెప్పలేను. వైర్లు ఉన్నదైనా మంచం పక్కన నిలబడి ఊగొచ్చు, పెద్ద బంతి మీద కూర్చోవచ్చు, మోకాళ్ళ మీద ముందుకి వంగొచ్చు. బిడ్డ కదిలినప్పుడల్లా పొట్ట మీద బెల్టు కింద బిళ్ళ జరుగుతుంది, గుండె చప్పుడు అందదు, నర్స్ పరుగున వచ్చి "పడుకోండి" అంటుంది. "నేను ఇలాగే నిలబడతాను, మీరు బిళ్ళ పట్టుకోగలరా?" అని మర్యాదగా అడగండి. మంచి నర్సులు మీ పక్కనే కింద కూర్చుని మరీ పట్టుకుంటారు. మీవారికి ఒక్క పని ముందే నేర్పండి. నొప్పి మొదలవుతుండగానే వెనక నిలబడి, తుంటి ఎముకల రెండు పక్కలా అరచేతులు ఆనించి లోపలికి గట్టిగా నొక్కి పట్టుకోవాలి. వదిలేది నొప్పి పూర్తిగా తగ్గాకే. డూలాని (కాన్పులో పక్కనే ఉండి ధైర్యం చెప్పి సాయపడే ఆవిడని) పెట్టుకునే స్తోమత ఉంటే పెట్టుకోండి. ఇంగ్లీషు ఇబ్బందైతే తెలుగు ఇంటర్‌ప్రెటర్‌ని ఫోన్లో ఇవ్వమనండి, దానికి డబ్బులు తీసుకోరు.

చివర్లో ఒళ్ళు వణికి, వాంతులై, "నా వల్ల కాదు" అనిపించే దశ ఒకటి వస్తుంది. చాలాసార్లు అది బిడ్డ బయటికి రావడానికి దగ్గరపడిన గుర్తు. ఎపిడ్యూరల్ అడిగేముందు ఒకసారి పరీక్ష చేయించుకోండి. 9 సెంటీమీటర్లు తెరుచుకుందంటే మీరే ఇంకాసేపు ఓర్చుకుంటారు. 24 గంటలు గడిచి, ఇంకా 4 దగ్గరే ఉండి, కళ్ళు మూతలు పడుతుంటే మాత్రం తీసుకోండి, రెండు గంటలు నిద్రపోయాక తెరుచుకున్నవాళ్ళని చూశాను. అందులో తలవంచుకోవాల్సిందేమీ లేదు. బీపీ వల్ల ఇండక్షన్ చేయించుకునేవాళ్ళు మత్తు డాక్టర్‌తో మొదట్లోనే మాట్లాడి ఉంచుకోవాలి, ఎందుకంటే ప్లేట్‌లెట్లు బాగా పడిపోతే మీరు కోరినా ఎపిడ్యూరల్ ఇవ్వరు.

సిజేరియన్ మాట వస్తే ఒకటి గుర్తుపెట్టుకోండి. మీరూ బిడ్డా బాగున్నంతవరకు, సంచి పగలగొట్టి పిటోసిన్ పెట్టాక కనీసం 12 నుంచి 18 గంటలు చూడకుండా ఇండక్షన్ ఫెయిల్ అయిందనకూడదని ఇక్కడి డాక్టర్ల సంఘాల సిఫారసు. "ఇంకాసేపు చూడొచ్చా, చూస్తే నష్టమేమిటి?" అని అడగడంలో తప్పులేదు.

మత్తు వద్దని రాసిచ్చే కాగితంలో ఇంకో మాట కూడా రాయండి. బిడ్డ పుట్టగానే రక్తస్రావం ఆగడానికి మళ్ళీ పిటోసిన్ ఇస్తారు. గంటల తరబడి ఆ మందు ఎక్కిన గర్భసంచి అలిసిపోయి సరిగా ముడుచుకోకపోవచ్చు, అప్పుడు రక్తం ఎక్కువ పోతుంది. ఆ మందుని మాత్రం వద్దనకండి.