పాపకు అయిదో నెల, మేం తింటుంటే నోటికేసే చూస్తోంది. ఘనాహారం మొదలుపెట్టొచ్చా?

ఇంకొంచెం ఆగండి. ఆ వయసులో పిల్లలు దేన్నయినా అలాగే చూస్తారు, అది ఆకలి కానక్కర్లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది ఆరు నెలలు, అంటే 180 రోజులు. అప్పటిదాకా తల్లిపాలు చాలు, నీళ్లు కూడా అక్కర్లేదు. ఆ తర్వాత పాలొక్కటే సరిపోవు. ముఖ్యంగా ఐరన్: పుట్టినప్పుడు ఒంట్లో ఉన్న నిల్వ దాదాపు అప్పటికి తరిగిపోతుంది, తల్లిపాలలో అది చాలా తక్కువ.

తేదీతో పాటు బిడ్డనూ చూడండి. మెడ నిలపాలి, కాస్త ఆసరా ఇస్తే కూర్చోవాలి. చెంచా నోట్లో పెడితే నాలుకతో బయటికి నెట్టేస్తోందా? వారం ఆగి మళ్లీ పెట్టండి.

మొదట రోజుకు రెండు మూడు చెంచాలు చాలు. మెత్తగా మెదిపి పెట్టండి కానీ నీళ్లలా చేయొద్దు. చెంచా వంచితే జారిపోయేంత పల్చగా ఉంటే కడుపు నిండుతుందే తప్ప బలం ఉండదు. చాలామంది చేసే పొరపాటు ఇదే. ఉప్పు, చక్కెర వద్దు. ఏడాది నిండేదాకా తేనె చుక్క కూడా నాకించొద్దు, బొటులిజం ప్రమాదం ఉంది, అంటే తేనెలో ఉండగల ఒక బాక్టీరియా విషం వల్ల వచ్చే ప్రాణాంతక జబ్బు. అలర్జీ వస్తుందేమోనని గుడ్డు, వేరుశనగ ముద్ద లాంటివి ఏడాది దాకా ఆపక్కర్లేదు. కొద్దికొద్దిగా, ఒక్కోటి విడిగా ఇవ్వండి. తీవ్రమైన ఎగ్జిమా (చర్మం ఎర్రబడి దురద పెట్టే జబ్బు) ఉంటే మాత్రం ముందు డాక్టర్‌ని అడగండి. గింజలు గింజలుగా అసలు పెట్టొద్దు, గొంతుకు అడ్డం పడతాయి.

పాలు మాత్రం మానొద్దు. నెలలు నిండకుండా పుట్టిన పాపయితే ఈ లెక్క మారుతుంది, అది మీ పిల్లల డాక్టరే చెప్పాలి.