వీసా మీద ఒక్క లైను, షాద్‌నగర్‌లో ఒక ప్లాటు

తమ్ముడూ, భార్యాపిల్లలతో కూకట్‌పల్లి నుంచి లండన్ వెళ్తున్నానన్నావు. వీసాలో ‘నో పబ్లిక్ ఫండ్స్’ అని, అంటే అక్కడి ప్రభుత్వమిచ్చే చాలా సంక్షేమ సాయాలు తీసుకోకూడదని ఉందట, దాంతో ఇబ్బందా అని అడిగావు. జీతం వస్తున్నన్నాళ్లూ ఏ ఇబ్బందీ ఉండదు. 2020 మార్చి దాకా నేనూ ఆ లైను చదవనే లేదు.

అప్పుడు లండన్‌లోని ఈస్ట్ హామ్‌లో ఉండేవాళ్లం. నాది వర్క్ వీసా. మావారు డిపెండెంట్‌గా వచ్చి ఓ రెస్టారెంట్ వంటగదిలో చేరారు. వారానికి 40 గంటలు చేయించుకుని ఓనరు పేస్లిప్‌లో 16 గంటలే చూపేవాడు, మిగతాది చేతికిచ్చేవాడు. ట్యాక్స్ మిగిలిందని నేనే మురిసిపోయాను, చూడు నా తెలివి! ఆ మిగులుకి నా జీతంలోంచీ కొంత కలిపి షాద్‌నగర్ ప్లాటు వాయిదాలకని హైదరాబాద్ పంపేదాన్ని. కరోనా లాక్‌డౌన్ పెట్టేనాటికి బ్యాంకులో ఒక నెల అద్దె కూడా లేదు.

ఫర్లో కింద, అంటే పని ఆగినా ఉద్యోగంలోంచి తీసేయకుండా ఉంచితే, జీతంలో 80 శాతం, నెలకు 2,500 పౌండ్లకు మించకుండా ఇస్తామని ప్రభుత్వం చెప్పింది. అదీ పబ్లిక్ ఫండ్సే, వీసా పోతుందన్న భయంతో మావారిని రెండు వారాలు ఆ కాగితాల మీద సంతకం పెట్టనివ్వలేదు. ఫర్లో వేరు, పబ్లిక్ ఫండ్స్ వేరు అని చివరికి ఆయనతో పనిచేసే బంగ్లాదేశ్ కుర్రాడు, సిల్హెట్ వాడు, చెప్పాడు. తీరా చూస్తే లెక్కంతా పేస్లిప్‌లోని 16 గంటలకే.

ఆ కుర్రాణ్ణి మాత్రం పార్సిళ్లు కట్టడానికి ఉంచుకున్నారు. జ్వరంతోనే పనికి వెళ్లాడు. జబ్బు చేసి పనికి రాలేకపోతే ఇచ్చే సిక్ పే అప్పట్లో వారానికి 95.85 పౌండ్లు, పేస్లిప్‌లో చూపిన అతని గంటలకి అదీ రాలేదు. ఆ ఏప్రిల్‌లో తక్కువ ఆదాయం వాళ్లకి ప్రభుత్వమిచ్చే యూనివర్సల్ క్రెడిట్‌ని వారానికి 20 పౌండ్లు పెంచారు గానీ, మా లాంటి వీసాల వాళ్లకి అసలు ఆ తలుపే తెరుచుకోదు. ఆ కుర్రాడి గదిలో నలుగురు ఉండేవారు, నలుగురికీ కరోనా అంటుకుంది. వయసు, పేదరికం లెక్కలోకి తీసుకున్నా తెల్లవాళ్లకంటే బంగ్లాదేశీలకు కరోనాతో చావు ముప్పు దాదాపు రెట్టింపనీ, మన భారతీయులకూ ఎక్కువేననీ జూన్‌లో ఇంగ్లండ్ ప్రజారోగ్య శాఖ నివేదిక ఇచ్చింది. ఎవరు ఏ పని చేస్తారన్నది అందులో చూడలేదు. చదువుతుంటే నాకు ఆ వంటగదే కళ్ల ముందు కదిలింది.

మే 27న మా ఈస్ట్ హామ్ ఎంపీ స్టీఫెన్ టిమ్స్ ఇలాంటి ఓ కుటుంబం సంగతి అడిగితే, వాళ్లకి సాయం ఎందుకు అందదని అప్పటి ప్రధాని బోరిస్ జాన్సనే ఆశ్చర్యపోయాడు. ఆయనకే తెలియంది నీకు తెలియకపోవడంలో వింతేముంది!

రూల్స్ మారుతుంటాయి, ప్రభుత్వ వెబ్‌సైట్‌లో చూసుకో. నేను చెప్పేది డబ్బు గురించి. పేస్లిప్‌లో ప్రతి గంటా పడాలి. ఆరు నెలల అద్దె పౌండ్లలో పక్కన పెట్టేదాకా హైదరాబాద్‌కి పైసా పంపకు, మీ నాన్న అలిగినా సరే. సెలవులకి దిల్‌సుఖ్‌నగర్ వచ్చి మొన్న ఆ ప్లాటు చూసొచ్చాం. నిండా తుమ్మకంప. కొనేవాళ్లెవరైనా ఉంటే చెప్పు.